రీలు క్లిప్పుతో మేత సంచి పక్కకే గాలం: కొల్లేరు వైపు చెరువు మీద ప్రాజెక్టు డైరీ

కార్తీకం చివర్లో

మావయ్య చెరువు కైకలూరు దాటి కొల్లేరు వైపు వెళ్తే వస్తుంది. ఐదో కాంటూరుకి, అంటే కొల్లేరు అభయారణ్యం హద్దుకి, బయటే ఉంది కాబట్టి 2006లో లోపలి చెరువుల గట్లు కొట్టేసినప్పుడు దీని జోలికి ఎవరూ రాలేదు. ఎక్కువ శీలావతి, కొంచెం బొచ్చె. పట్టుబడికి ఇంకా టైముంది, చేప కిలో దాటింది, బొచ్చెలు ఇంకా పెద్దవే ఉన్నాయి. నాకు గాలం పిచ్చి చిన్నప్పటినుంచీ ఉన్నదే, ఈసారి ఊరికే కూర్చోకుండా ఒక పని పెట్టుకున్నాను: ప్రతిసారీ ఎర ఒకే చోట పడాలి.

ఈ వైపు చెరువులు చూడనివాళ్ళకి ఒక సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే మొత్తం ప్రాజెక్టు దాని మీదే నిలబడి ఉంది. ఇక్కడ మేత చల్లరు. నూనె తీసిన తవుడు సంచుల్లో నింపి, సంచికి చిన్న చిన్న చిల్లులు పెట్టి, నీళ్ళలో పాతిన గెడలకి వరసగా కడతారు. పొద్దున్నే పడవ మీద వెళ్ళి సంచులు మారుస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. కొన్ని నెలలు ఇలా తిన్న చేపకి గెడ అంటే అన్నం, అంతే. కాబట్టి చేప ఎక్కడుంది అని నీళ్ళవైపు చూస్తూ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, గెడ దగ్గరుంది. మిగతా చెరువంతా దాదాపు ఖాళీ కిందే లెక్క.

అయితే గెడకి మరీ దగ్గరగా పడితే తంగూసు, అంటే గాలం నైలాను దారం, చుట్టుకుంటుంది, గాలం సంచిలో దిగితే సంచి చిరుగుతుంది, సంచి చిరిగితే మావయ్య మాట్లాడే మాటలు ఇక్కడ రాయలేను. నాలుగైదు మీటర్లు ఇవతల పడితే గంట కూర్చున్నా గుంజు లేదు. అందుకని గెడకి ఇవతల రెండు మీటర్ల దగ్గర, ఒక చాప వేసినంత జాగా నా గురి. చాచిన రాడ్డు కొస నుంచి అది ముప్పై ఎనిమిది మీటర్లు ఉంటుందని తర్వాత తేలింది. కంటితో చూసి వేస్తే ఒకటి గెడ దాటిపోతుంది, ఇంకోటి ముందే పడుతుంది. నీళ్ళ మీద దూరం అంచనా వెయ్యడం మన కంటికి రాదు, మధ్యలో పోల్చుకోడానికి ఏమీ ఉండదు కాబట్టి.

మావయ్య షరతులు మూడు. గాలానికుండే ఎదురు ముల్లు ప్లయరుతో నలిపెయ్యాలి. పట్టిన చేపని వెంటనే నీళ్ళలో వదలాలి. సంచి జోలికి పోకూడదు. చేప పేను పట్టి ఒళ్ళంతా పుళ్ళు పడ్డ ఏడాది ఆయనకి ఇంకా గుర్తుంది, గాయం అనే మాట వింటేనే ఆయనకి టెన్షన్.

సామాను

రాడ్డు 12 అడుగుల ఫీడర్ రాడ్డు. రీలు 4000 సైజు. 0.28 మిల్లీమీటర్ల తంగూసు. చివర 45 గ్రాముల ఫీడర్, అంటే మేత ముద్ద పట్టుకునే బరువు, దాని చుట్టూ తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం మైదా కలిపి నొక్కిన ముద్ద, దాని పక్కనే పొట్టి దారానికి గాలం. మెథడ్ ఫీడర్ అని ఇప్పుడు హైదరాబాదులో కూడా దొరుకుతోంది, లేకపోతే మనవాళ్ళు ఎప్పట్నుంచో వాడే స్ప్రింగు కూడా ఇదే పని చేస్తుంది.

ఇక అసలు సంగతి, క్లిప్పు. చాలామంది రీలులో తంగూసు చుట్టుకుని ఉండే స్పూలు పక్కన చిన్న బిళ్ళలాంటిది చూసే ఉంటారు, రీలు సంచిలో పెట్టేటప్పుడు తంగూసు చివర ఊడిపోకుండా దాంట్లో దూర్చుతారు. ఇంగ్లండులో ఫీడరు వేసేవాళ్ళు, కార్ప్ చేప పట్టేవాళ్ళు దాన్ని దూరం కట్టెయ్యడానికి వాడతారు. కావలసిన దూరం తంగూసు బయటికి తీసి, స్పూలు మీద ఆ చోట తంగూసుని క్లిప్పులో దూర్చి, వెనక్కి చుట్టేస్తే సరి. తర్వాత ఎంత బలంగా విసిరినా ఆ చుట్టు దగ్గరికి రాగానే తంగూసు ఆగిపోతుంది, ఎర అక్కడే పడుతుంది. వినడానికి అంతే. చెయ్యడానికి కూడా చాలావరకు అంతే, కానీ ఆ "చాలావరకు" దగ్గరే ఈ డైరీ నిండిపోయింది.

క్లిప్పుల్లో రెండు రకాలు చూశాను. ఒకటి స్పూలు ప్లాస్టిక్కులోనే పోసిన సన్నటి నాలుక, ఇంకోటి లోపల స్ప్రింగు ఉన్న గుండ్రటి లోహపు బిళ్ళ. మొదటిది అసలు ఈ పనికి చేసింది కాదు. నా పాత రీలుకి అలాంటిదే ఉంది, దాని అంచు కత్తిలా ఉంది. కొనేముందు కానీ, వాడేముందు కానీ ఒక్క పని చెయ్యండి: కొంచెం దూది తీసుకుని క్లిప్పు అంచు చుట్టూ లాగండి. ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ మీ తంగూసు తెగుతుంది. సన్న సాండ్ పేపరు మడిచి ఆ చోట రుద్దితే కొంత నయం. పాత రీలుది రుద్దినా లాభం లేకపోయింది, ప్లాస్టిక్కు మెత్తబడి తంగూసుని అసలు పట్టుకోడమే మానేసింది.

దానికి రబ్బరు బ్యాండు వేశాను. కావలసిన తంగూసు బయట పెట్టి, స్పూలు మీద మిగిలిన చుట్ల మీద వెడల్పాటి రబ్బరు బ్యాండు ఒకటి బిగించి, దాని మీదుగా వెనక్కి చుట్టడం. క్లిప్పు లేని రీలుకి ఇది మంచి ఉపాయం, ఆగడం కూడా మెత్తగా ఆగుతుంది. బరువైన ఫీడరుకి మాత్రం నాకు నమ్మకం కుదరలేదు, గట్టిగా తగిలినప్పుడు బ్యాండు కింద నుంచి తంగూసు కొంచెం కొంచెం జారుతుంది, అలా జారి జారి అడుగు అడుగున్నర దూరం పెరిగిపోతుంది. తేలిక సీసానికి వాడుకోవచ్చు.

డిసెంబరు, వరి కోసిన చేలో

నీళ్ళ మీద నేర్చుకుంటే ఏం జరుగుతోందో కనపడదు. ఫీడరు పడ్డచోట నీళ్ళు చిమ్ముతాయి, రెండు క్షణాల్లో ఏ గుర్తూ ఉండదు. అందుకని దాళ్వాకి, అంటే రెండో పంటకి, దుక్కి మొదలుపెట్టకముందే, కోసిన చేలోకి వెళ్ళాను. గాలం తీసేసి ఒట్టి ఫీడరు. మోళ్ళ మధ్య పడ్డచోటల్లా పుల్ల గుచ్చుకుంటూ పోయాను. ముందు ఒక జాగ్రత్త చూసుకున్నాను, ఎదురుగా మనుషులు గానీ గేదెలు గానీ లేకుండా. 45 గ్రాముల ముక్క తంగూసు తెగి ఎగిరిందంటే అది ఎంత దూరం పోతుందో, ఎవరికి తగులుతుందో చెప్పలేం. పాత రీలు మీద అలా తెగనే తెగింది, పక్క చేలో వెతుక్కున్నాను.

మావయ్య గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. "ఏరా అల్లుడూ, గాలం వెయ్యడానికి మేకులూ టేపూ ఏంట్రా, పందిరి వేస్తున్నావా?"

మేకులు ఎందుకంటే దూరం కొలవడానికి. రెండు ఇనప చువ్వలు 12 అడుగుల ఎడంలో పాతాను, 3.66 మీటర్లు. ఫీడరుని ఒక చువ్వకి తగిలించి, తంగూసుని ఈ చువ్వ నుంచి ఆ చువ్వకి, ఆ చువ్వ నుంచి ఈ చువ్వకి తిప్పుతూ పోతే ఒక్కో వెళ్ళుబడికి ఒక చుట్టు లెక్క. పది చుట్లంటే 36.6 మీటర్లు. ఇంగ్లండు వాళ్ళ లెక్క ఇది, ఒక చుట్టు సరిగ్గా నాలుగు గజాలు. నేను మీటర్లలో లెక్కపెట్టడం మానేసి చుట్లలోనే ఆలోచిస్తున్నాను ఇప్పుడు. ఎందుకంటే ఇంటికెళ్ళి మళ్ళీ నెల తర్వాత వచ్చినా, రీలు మార్చినా, తంగూసు మార్చినా కాగితం మీద "పదిన్నర" అని రాసుకుంటే చాలు, గట్టు మీదే రెండు నిమిషాల్లో మళ్ళీ అదే దూరం కట్టుకోవచ్చు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, లెక్క ముగిసేటప్పుడు రాడ్డు కొస చువ్వ దగ్గర ఉండాలి. రీలు చువ్వ దగ్గర పెట్టి లెక్కపెడితే రాడ్డు పొడవంతా కలిసిపోతుంది, అప్పటికే ఒక చుట్టు తేడా.

మొదట పడ్డ పుల్లల్ని చూస్తే నవ్వొచ్చింది. దూరం నిజంగానే దాదాపు ఒకటే, కానీ పక్కలకి చూస్తే విసనకర్రలా పరుచుకుపోయాయి. క్లిప్పు దూరం మాత్రమే కడుతుంది, దిక్కు కట్టదు. దానికి వేరే ఏర్పాటు కావాలి, అవతల ఒక గుర్తు పెట్టుకుని, రాడ్డు భుజం మీంచి కాకుండా నెత్తి మీంచి నిటారుగా తెచ్చి, రీలు ముక్కుకి సూటిగా ఉండేలా విసరాలి. పక్కనుంచి ఊపుతూ వేసే అలవాటున్నవాళ్ళకి ఇది మార్చుకోవడం కష్టం. నాకు క్రికెట్టులో కూడా చెయ్యి పక్కకే పోయేది.

రెండోది బలం. క్లిప్పు ఉంది కదా అని పూర్తి బలంతో విసిరితే తంగూసు ఠప్పున ఆగి, నైలాను సాగి, ఫీడరు వెనక్కి ఎగిరి వస్తుంది. చేలో అయితే స్పష్టంగా కనపడింది, మీటరు పైనే వెనక్కి. అంటే క్లిప్పు సరిగ్గా కట్టినా ఎర ఇవతలే పడినట్టు. పైగా ఆ దెబ్బకి ముద్ద ఊడిపోతుంది, గాలం ఉత్త ఫీడరుతో పడి ఉంటుంది, మనం మాత్రం చేప రాలేదేంటా అని చూస్తూ ఉంటాం. క్లిప్పుని ముద్దు పెట్టుకునేంత బలమే కావాలి, ఆ దూరానికి కావలసినదానికంటే కాస్త ఎక్కువ, అంతే.

ఆ ఆగడాన్ని మెత్తగా చెయ్యడం రాడ్డు పని. విసిరాక రాడ్డుని ముందుకి చాచి ఉంచకుండా, ఫీడరు గాల్లో ఉండగానే పైకెత్తి నిలువుకి తెచ్చి పెట్టుకోవాలి. తంగూసు క్లిప్పుకి తగలగానే కొస వంగుతుంది, ఆ వంపుతో పాటే రాడ్డుని ముందుకి దించాలి. ఫీడరు టప్ మని కాకుండా మెల్లగా పడుతుంది. చెప్తే ఒక లైను, చేతికి రావడానికి మాత్రం భుజాలు నొప్పి పుట్టాయి.

ఇక్కడే నాకు అన్నిటికంటే విలువైన లెక్క దొరికింది. రాడ్డు నిలువుగా ఉన్నప్పుడు కొస మన తల పైన ఉంటుంది, ముందుకి చాచినప్పుడు కొస మనకి మూడున్నర మీటర్లు ముందుంటుంది. క్లిప్పు కొలిచేది కొస నుంచి ఫీడరుకి ఉన్న తంగూసునే కానీ గట్టు నుంచి కాదు. అంటే ఒకసారి నిలువుగా ఆపి, ఇంకోసారి చాచి ఆపితే, క్లిప్పు కదలకపోయినా ఎర పడే చోటు దాదాపు ఒక చుట్టు మారిపోతుంది! క్లిప్పు పెట్టాను అయినా గురి కుదరట్లేదు అనేవాళ్ళు ముందు క్లిప్పుని కాదు, రాడ్డు ఎక్కడ ఆగుతోందో చూసుకోవాలి. నేను చివరికి ఒకటే పద్ధతి పెట్టుకున్నాను: నిలువుకెత్తడం, తగలగానే దించడం, ఫీడరు నీళ్ళని తాకేసరికి రాడ్డు గెడవైపు చాచి ఉండడం. కాళ్ళు కూడా ప్రతిసారీ ఒకే చోట, గట్టు మీద ఇటుకరాయి పెట్టుకున్నాను, దాని మీద ఎడమ కాలు.

సంక్రాంతి సెలవులు, కొలత

గెడ ఎంత దూరంలో ఉందో కంటితో చూసి విసిరి, దాటిపోతే తగ్గించి, ఇవతల పడితే పెంచి, ఇలా కూడా క్లిప్పు కట్టొచ్చు. కానీ ప్రతి తప్పు వేటుకీ సంచి చిరిగే అవకాశం ఉంది. చెరువు మీద ఉండే అబ్బాయి పొద్దున్నే మేత పడవ మీద వెళ్తాడు కదా, ఫీడరు అతని చేతికే ఇచ్చాను. నేను ఇటుక మీద కాలు పెట్టి రాడ్డు గెడవైపు చాచి నిలబడ్డాను, రీలు మీద తంగూసుని ఆపే తీగ, బెయిల్, తెరిచి ఉంది, అతను పడవలో తంగూసు లాక్కుంటూ వెళ్ళాడు.

గెడకి రెండు మీటర్ల ఇవతల ఆగి, "ఇక్కడేనాండి?" అన్నాడు.

"ఆఁ, అక్కడే వదిలెయ్."

ఫీడరు అడుగుకి దిగాక తంగూసు సాగకుండా బిగువు తీసి, అక్కడే క్లిప్పులో దూర్చాను. వెనక్కి చుట్టి, చువ్వల మీద లెక్కపెడితే పదిన్నర చుట్లు. 38.4 మీటర్లు.

లోతు గురించి కూడా అనుమానం వచ్చింది. క్లిప్పు మీద బిగుతుగా ఉన్న తంగూసుతో ఫీడరు నీళ్ళలో నిటారుగా దిగదు, మనవైపు వాలుగా ఊగుతూ దిగుతుంది. లోతైన జలాశయంలో ఇది పెద్ద విషయమే, పది మీటర్ల లోతులో ఈ దూరానికి మీటరు పైనే ఇవతల పడుతుంది. ఇక్కడ నీళ్ళు ఆరడుగులు. లెక్క వేస్తే నాలుగు సెంటీమీటర్లు. పట్టించుకోనక్కర్లేదు. రిజర్వాయర్ల మీద వేసేవాళ్ళు మాత్రం క్లిప్పుకి తగిలాక తంగూసుని క్లిప్పులోంచి తీసి ఒక మీటరు వదిలి దింపుకుంటే నయం.

దిక్కుకి గుర్తు తేలికగానే దొరికింది. అవతలి గట్టు మీద జంట తాడిచెట్లు, గెడ కొస ఆ రెండు చెట్ల మధ్య కనపడేలా ఇటుక జరిపాను. ఇప్పుడు రెండూ కట్టేసినట్టే, దూరం క్లిప్పు, దిక్కు తాడిచెట్లు.

నీళ్ళ మీద మొదటి పూట బాగా నడిచింది. సంచికి ఇవతల అదే చోట ముద్ద మీద ముద్ద పడుతూ ఉండడంతో కాసేపటికి అక్కడే బుడగలు మొదలయ్యాయి. గురి పెట్టడం అంటే గాలం ఒక్కటే కాదు కదా, మన మేత అంతా ఒక్క చోట చేరుతుంది. అదే నాలుగు వైపులా పడితే చేప నాలుగు వైపులా తిరుగుతుంది. శీలావతులు వరసగా తగిలాయి.

క్లిప్పు ఎప్పుడు తియ్యాలి

దీన్ని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే అన్నిటికంటే ముఖ్యం ఇదే. ఫీడరు అడుగుకి దిగాక, తంగూసు ముంచి బిగువు చూసుకున్నాక, క్లిప్పులోంచి తంగూసు తీసెయ్యాలి. తీశాకే రాడ్డు స్టాండు మీద పెట్టాలి.

డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే స్పూలు తిరిగి తంగూసు వదిలే ఏర్పాటు, ఉంది కదా అనుకోవద్దు. తంగూసు క్లిప్పు కింద ఇరుక్కుని ఉన్నంతసేపు డ్రాగ్ ఎంత వదులుగా పెట్టినా స్పూలు కొంచెం తిరిగి క్లిప్పు ఎదురుకి రాగానే ఆగిపోతుంది, అక్కడినుంచి చేప బలమంతా ఒక్క ముడి మీద, ఒక్క గాలం మీద. చిన్న చేపల పోటీల్లో క్లిప్పు తియ్యకుండానే లాగేస్తుంటారు, వాళ్ళ చేపలు అరచేతంత. ఇక్కడ బొచ్చె తగిలిందంటే మొదటి పరుగే ఇరవై మీటర్లు. రాడ్డు నీళ్ళలోకైనా పోతుంది, తంగూసైనా తెగుతుంది. తంగూసు తెగితే చేప మూతిలో గాలం, దాని వెనక ఫీడరు, అలా గెడల మధ్య తిరిగి ఎక్కడో చిక్కుకుని చస్తుంది. మావయ్య చెరువులో అలా జరగనివ్వను.

తీసేస్తే మరి మళ్ళీ అదే చోట క్లిప్పు ఎలా పెట్టాలి? చేప ముప్పై మీటర్లు లాక్కుపోయాక స్పూలు మీద ఆ చోటు ఎక్కడుందో ఎవరికి తెలుసు. ప్రతిసారీ చువ్వల చుట్టూ తిప్పడం అయ్యే పని కాదు, ముఖ్యంగా చేతులకి జిగురున్నప్పుడు. దీనికి ఇంగ్లండులో ప్రత్యేకంగా గుర్తు ఎలాస్టిక్కు అమ్ముతారు. నేను టైలరు దగ్గర సన్నటి ఎలాస్టిక్ దారం తెచ్చాను, ఎర్రది. తంగూసు క్లిప్పులో ఉండగానే క్లిప్పుకి ఆనుకుని బయటివైపు ఆ దారంతో, బెండు గాలాలకి వేసే జారుడు ముడి లాంటిది వేసి, తడి చేసి బిగించి, కొసలు కత్తిరించాను. వేలితో బలంగా తోస్తే తప్ప జరగదు. రాడ్డు రింగుల్లోంచి వెళ్ళేటప్పుడు చిన్న టిక్ అని వినపడుతుంది, అంతే. చేప వదిలాక ఎర్ర ముడి వచ్చేవరకూ తంగూసు బయటికి తీసి, దాన్ని క్లిప్పు పక్కన ఆనించి మళ్ళీ దూర్చి, వెనక్కి చుట్టి, వేసుకోవడమే. పూల దారం కూడా ప్రయత్నించాను, తడిసి ఉబ్బి రింగులో పట్టుకుంటోంది.

ఆ ముడి క్లిప్పుకి ఎటువైపు ఉండాలన్నది కూడా ఒకేలా పెట్టుకోండి. ఒకసారి ఇటు, ఒకసారి అటు అయితే స్పూలు మీద ఒక చుట్టుకి తేడా వస్తుంది, అదేం పెద్దది కాదు, కానీ ఇంత కష్టపడి కట్టుకున్నాక ఎందుకు వదులుకోవడం.

పక్క గెడ

రోజూ ఒకే గెడ దగ్గర తగులుతూ ఉంటే ఆ గెడ చేప తెలివి మీరుతుంది. గుంజు తగ్గింది. వరసలో పన్నెండు మీటర్లు పక్కన ఇంకో గెడ ఉంది, దాని మీదికి వెళ్దామనుకున్నాను, ఇటుక కదపకుండా. గెడల వరస గట్టుకి సమాంతరంగానే ఉంది కదా, అదే క్లిప్పు చాలు అని తమ్ముడు అన్నాడు, మావయ్య కొడుకు, ఇంటర్ రెండో సంవత్సరం.

చాలదు. క్లిప్పు గీసేది వృత్తం, గెడల వరస గీత. మొదటి గెడ నాకు సూటిగా ఉంది, రెండోది వాలుగా ఉంది, కర్ణం ఎప్పుడూ భుజం కంటే పొడవే. 38.4 కి చాచిన రాడ్డు మూడున్నర మీటర్లు కలిపితే ఇటుక నుంచి 41.9. దాని వర్గం, 12 కి వర్గం కలిపి వర్గమూలం తీస్తే 43.6. తేడా 1.7 మీటర్లు, అంటే దాదాపు అరచుట్టు. పాత క్లిప్పుతో వేస్తే గెడకి రెండు మీటర్ల బదులు నాలుగు మీటర్ల దగ్గర పడుతుంది, అక్కడ చేప లేదు. వాడి చేతే లెక్క చేయించాను. పరీక్షలకి చదవమంటే చదవడు గానీ దీనికి మాత్రం కాగితం తెచ్చుకున్నాడు.

చువ్వల మీద పదకొండు చుట్లకి కట్టి, అదే తంగూసు మీద పసుపు దారంతో రెండో ముడి వేశాను. ఎరుపు మొదట వేసిన నడిమి గెడ, పసుపు పక్క గెడ. క్లిప్పు మార్చడం అరనిమిషం పని. రెండో గెడకి దిక్కు గుర్తు పంపుసెట్టు షెడ్డు.

పైరగాలి మొదలయ్యాక

ఇంతవరకూ గాలి లేని పొద్దుటి పూటలే. ఎండలు మొదలై సాయంత్రం దక్షిణపు గాలి తిరిగాక మళ్ళీ లెక్క తప్పడం మొదలైంది. గాలి పక్కనుంచి వస్తే, ఫీడరు గాల్లో ఉండగానే తంగూసు విల్లులా వంగిపోతుంది. విల్లు పొడవు అంతే, కానీ రెండు కొసల మధ్య దూరం తగ్గుతుంది. మధ్యలో మూడు మీటర్ల వంపుంటే అరమీటరుకి కొంచెం ఎక్కువ పోతుంది. ఐదు మీటర్ల వంపుంటే దాదాపు మీటరున్నర, మీటరు ముప్పావు. అంటే మామూలు గాలి దూరాన్ని పెద్దగా తినదు, బాగా వీస్తేనే తింటుంది. అయితే ఫీడరుని పక్కకి తోసేది మాత్రం చిన్న గాలి కూడా చేస్తుంది.

దీనికి నేను క్లిప్పు మార్చలేదు. గాలి ప్రతి నిమిషానికీ మారుతుంది, దాని వెనక క్లిప్పు మారుస్తూ పోతే రాత్రవుతుంది. విసరడం కొంచెం కిందకి, చదునుగా వేస్తే తంగూసు గాల్లో ఉండే సమయం తగ్గుతుంది. ఫీడరు ఎగురుతుండగా చూపుడు వేలు స్పూలు అంచుకి తాకిస్తూ ఉంటే తంగూసు వదులుగా ఉబ్బదు, వంపు తగ్గుతుంది, క్లిప్పుకి తగిలే దెబ్బ కూడా తగ్గుతుంది. ఈ వేలి పని గాలి లేనప్పుడు కూడా అలవాటు చేసుకోవడం మంచిదని ఇప్పుడనిపిస్తోంది. పడగానే రాడ్డు కొస నీళ్ళలో ముంచి రెండు తిప్పులు తిప్పితే పైన తేలే తంగూసు మునుగుతుంది. 45 గ్రాములదానికి బదులు 60 గ్రాముల ఫీడరు కూడా వేసి చూశాను, సూటిగా పోతుంది గానీ క్లిప్పు మీద దెబ్బ ఎక్కువ, ఈ దూరానికి అంత అక్కర్లేదు.

అల్లిక తంగూసు, బ్రెయిడ్, వాడొచ్చు కదా సన్నగా ఉంటుంది గాలికి వంగదు అని ఒకతను సలహా ఇచ్చాడు. నిజమే. కానీ అది సాగదు, క్లిప్పుకి తగిలినప్పుడు మెత్తదనం ఏమీ ఉండదు, ముందు కొంత నైలాను జోడించకపోతే ఫీడరు ఎగిరిపోవడమే. నలభై మీటర్లకి నాకు నైలానే చాలు. డెబ్భై ఎనభై మీటర్లు వేసేవాళ్ళ సంగతి వేరు, అక్కడ నైలాను సాగుడే మీటర్లలో ఉంటుంది.

ఎర గురించి ఒక్క ముక్క. సంచి నీళ్ళ మధ్యలో వేలాడుతుంది, నా గాలం అడుగున ఉంటుంది. శీలావతి మధ్య నీళ్ళలో తిరిగే చేప. సంచిలోంచి రాలిన తవుడు కోసం కిందకి దిగుతుంది కాబట్టి తగులుతోంది, కానీ గాలానికి ముద్దతో పాటు ఒక మరమరం గుచ్చితే ఎర అడుగు నుంచి కొంచెం లేచి ఉంటుంది, అప్పుడు గుంజు త్వరగా వస్తోంది. బొచ్చెకి ఇంకా పైకి కావాలి, దానికి బెండు కట్టి క్లిప్పుతో ఎలా వెయ్యాలా అని చూస్తున్నాను. బెండు తేలిక, గాలికి పోతుంది, క్లిప్పుకి తగిలాక వెనక్కి కొట్టుకొస్తుంది. ఇంకా కుదరలేదు.

తమ్ముడి రాడ్డు

ఇప్పుడు తమ్ముడికీ పట్టుకుంది. వాడి దగ్గర 10 అడుగుల రాడ్డు, చిన్న రీలు, క్లిప్పు గుండ్రటిదే, దూదితో చూశాం, బాగుంది. "అన్నా, పదిన్నరకి కట్టెయ్యనా?" అన్నాడు. చుట్లు చువ్వల మీద కాబట్టి రాడ్డు పొడవుతో పనిలేదు అనిపిస్తుంది. కానీ వాడి రాడ్డు చాచితే కొస నాదానికంటే రెండడుగులు ఇవతల ఉంటుంది, అదే పదిన్నర చుట్లు కడితే వాడి ఎర నా ఎరకి రెండడుగులు ఇవతల పడుతుంది. వాడికి పదిన్నర మీద ఇంకో రెండడుగులు తంగూసు వదిలి క్లిప్పు పెట్టించాను, వాడి ఎర్ర ముడి అక్కడ వేశాం. ఇటుక కూడా వాడికి వేరే. ఇద్దరం ఒకే గెడకి వేస్తే తంగూసులు చిక్కుపడతాయి కాబట్టి వాడిది నడిమి గెడ, నాది షెడ్డు వైపు గెడ.

పట్టుబడి దగ్గరికొచ్చింది, మావయ్య వలవాళ్ళతో మాట్లాడుతున్నాడు. పట్టుబడయ్యాక నీళ్ళు తోడేసి చెరువు ఎండబెడతారట. అప్పుడు గట్టు మీది ఇటుక నుంచి గెడ మొదలు దాకా టేపు పరిచి, పదిన్నరా పదకొండూ ఎంత నిజమో చూడాలి. టేపు ముప్పై మీటర్లదే ఉంది, యాభై మీటర్లది ఏలూరులో దొరుకుతుందేమో కనుక్కోమని తమ్ముడికి చెప్పాను.